ఎక్స్ఛేంజ్ విద్యార్థిగా విదేశీ యూనివర్సిటీలో క్లాసులు మొదలుపెట్టడం: ఇక్కడి సంతకాల నుంచి అక్కడి పరీక్ష దాకా

జర్మనీలో నేను ఒక సబ్జెక్టుకు పద్నాలుగు వారాలు క్లాసులకు వెళ్లాను. ఇచ్చిన లెక్కల షీట్లు ఒక్కటీ వదల్లేదు. ఫిబ్రవరిలో పరీక్ష రోజు పెన్నులు, పాస్‌పోర్టు, విద్యార్థి కార్డు పట్టుకుని హాలు గుమ్మం దగ్గరికి వెళ్తే, చేతిలో జాబితా ఉన్నావిడ పైనుంచి కిందికి రెండుసార్లు వేలితో వెతికి, మీ పేరు లేదంది. పరీక్షకు విడిగా నమోదు చేసుకోవాలని, ఆ గడువు డిసెంబర్‌లోనే అయిపోయిందని నాకు అప్పుడు తెలిసింది.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. మా గోదావరి వైపు అమ్మలు అడక్కుండానే పెడతారు, వద్దన్నా ఇంకో గరిటె వడ్డిస్తారు. మన కాలేజీలూ అంతే. సెక్షన్ వాళ్లే వేస్తారు, టైంటేబుల్ వాళ్లే గోడకు అంటిస్తారు, పరీక్ష ఫీజుకు ఆఖరి తేదీ క్లాసుకొచ్చి మరీ చెప్తారు. నాలాగా సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నర్సాపురం మీదుగా కాలేజీకి తిరిగిన పిల్లకి, టైంటేబుల్ మనమే కట్టుకోవాలన్న ఆలోచన ఎక్కడి నుంచి వస్తుంది? అక్కడ ఎవరూ వెంటపడి చెప్పరు. పైగా ఎక్స్ఛేంజ్ విద్యార్థికి రెండు పడవల మీద కాళ్లు: చదివేది అక్కడ, డిగ్రీ ఇచ్చేది ఇక్కడ. ఈ రెండింటి మధ్య కాగితాలు మోసే పని మీదే. నాకు తెలిసింది జర్మనీ కాబట్టి ఉదాహరణలన్నీ అక్కడివే. వేరే దేశమైతే పేర్లు, తేదీలు మారతాయి, పనుల వరస దాదాపు ఇదే.

1. బయల్దేరక ముందే సంతకాలు

చాలామంది టెన్షనంతా వీసా మీద పెడతారు. వీసా రాకపోతే వెంటనే తెలుస్తుంది. అక్కడ చదివిన సబ్జెక్టు ఇక్కడ చెల్లదని మాత్రం ఏడాది తర్వాత తెలుస్తుంది. అందుకే మొదటి పని లెర్నింగ్ అగ్రిమెంట్. అక్కడ ఏ కోర్సులు చదువుతారు, అవి ఇక్కడ వేటికి బదులవుతాయి అని రాసి మీరు, మీ కాలేజీ, అవతలి యూనివర్సిటీ ముగ్గురూ సంతకం చేసే కాగితం అది.

హెచ్‌ఓడీ దగ్గరికి ఉత్తి చేతులతో వెళ్లకండి. నేను మొదటిసారి అలాగే వెళ్లాను. సార్ నవ్వి, "చూద్దాంలేమ్మా, వెళ్లి రా" అన్నారు. వెళ్లి రావడం వరకూ బాగానే ఉంటుంది, చూసేది ఎవరు? రెండోసారి ఒక తెల్ల కాగితం మీద మధ్యలో గీత గీసి, ఎడమ వైపు మన సిలబస్‌లోని సబ్జెక్టు, యూనిట్లు, కుడి వైపు వాళ్ల కోర్సులో సరిపోయే అధ్యాయాలు రాసుకుని వెళ్లాను. సార్ కళ్లజోడు పెట్టుకుని, పెన్సిల్‌తో ఒక్కో యూనిట్ కలుపుకుంటూ వెళ్లి ఒకచోట ఆగారు. "ఇందులో నాలుగో యూనిట్ లేదుగా?" నిజంగానే లేదు. ఆ యూనిట్‌కు వచ్చాక ఒక అసైన్‌మెంట్ ఇస్తే చాలని అక్కడే రాసి సంతకం పెట్టారు. ఆ ఒక్క లైనే తర్వాత నన్ను కాపాడింది.

కోర్సులు నాలుగు కావాలంటే ఏడెనిమిదికి ఒప్పుకోలు తీసుకోండి. అక్కడికెళ్లాక ఒకటి ఆ సెమిస్టర్‌లో ఉండదు, ఇంకోటి జర్మన్ భాషలో చెప్తారు, మరొకటి మీ లాబ్ టైముకే వస్తుంది.

క్రెడిట్ల లెక్క కూడా ఇక్కడే తేల్చుకోవాలి. యూరప్‌లో వాడేది ఈసీటీఎస్ క్రెడిట్. ఏడాదికి 60, సెమిస్టర్‌కు 30. ఒక్కో క్రెడిట్ అంటే 25 నుంచి 30 గంటల పని. ఆ పనిలో క్లాసు, ఇంటి చదువు, పరీక్షకు తయారవడం అన్నీ కలిసే ఉంటాయి. మన దగ్గర మామూలుగా వారానికి గంట క్లాసుకు ఒక క్రెడిట్. రెండూ ఒకటి కావు. అక్కడి 5 క్రెడిట్ల కోర్సు ఇక్కడ ఎన్ని క్రెడిట్లో కాలేజీ చేత అంకెల్లో రాయించుకోండి. నన్నడిగితే, కాలేజీ ఒప్పుకుంటే మొదటి సెమిస్టర్‌లో 30కి వెళ్లొద్దు, 20 నుంచి 25 చాలు.

ఇంకో చిక్కు క్యాలెండర్. జర్మనీలో శీతాకాల సెమిస్టర్ అక్టోబర్ 1 నుంచి మార్చి 31 వరకు, వేసవి సెమిస్టర్ ఏప్రిల్ 1 నుంచి సెప్టెంబర్ 30 వరకు. క్లాసులు అక్టోబర్ మధ్యలో మొదలై ఫిబ్రవరి దాకా నడుస్తాయి, పరీక్షలు ఆ తర్వాత. అంటే మీరు అక్కడ పరీక్షలు రాసే వేళకు ఇక్కడ తర్వాతి సెమిస్టర్ మొదలైపోయి ఉంటుంది. ఒక సెమిస్టర్ ఎక్స్ఛేంజ్ అని పేరే గానీ, ఇక్కడ రెండు సెమిస్టర్లకు తగులుతుంది. మిడ్ పరీక్షలు, హాజరు, ఫీజు ఏమవుతాయో ముందే అడగాలి. ప్రాజెక్టు సెమిస్టర్‌లో వెళ్లగలిగితే గొడవ చాలా తగ్గుతుంది.

2. వీసా, డబ్బు, సామాను

దీని గురించి చెప్పేవాళ్లు భీమవరంలో వీధికొకరు ఉన్నారు కాబట్టి క్లుప్తంగా చెప్తాను. ఆంధ్రా వాళ్లకు జర్మన్ వీసా చెన్నై కాన్సులేట్ పరిధిలోకి వస్తుంది. ఖర్చులకు డబ్బుందని చూపడానికి బ్లాక్డ్ అకౌంట్, అంటే ముందే డబ్బు వేసి ఉంచితే నెలనెలా కొంతే తీసుకోనిచ్చే ఖాతా, అడుగుతారు. 2024 సెప్టెంబర్ నుంచి ఆ లెక్క నెలకు 992 యూరోలు. ఏజెంట్లు ఏడాది మొత్తం 11,904 యూరోల లెక్క చెప్పి నాన్నగారిని భయపెడతారు. ఒక సెమిస్టర్‌కే వెళ్తుంటే ఉండే నెలలకు ఎంత చూపాలో, స్కాలర్‌షిప్ ఉంటే అందులో ఎంత తగ్గుతుందో కాన్సులేట్ సూచనల్లో మీరే చదవండి.

సామాన్లలో ఆవకాయ పర్వాలేదు, నెయ్యి, పాలకోవా మాత్రం వద్దు. బయటి దేశాల నుంచి పాల పదార్థాలు, మాంసం యూరప్‌లోకి తీసుకెళ్లనివ్వరు. పండ్లకూ ధ్రువపత్రం అడుగుతారు. పైనాపిల్, కొబ్బరి, డూరియన్, అరటి, ఖర్జూరం ఈ అయిదింటికే మినహాయింపు. కోనసీమ వాళ్లకు ఇంతకంటే ఏం కావాలి! మామిడిపళ్లు మాత్రం ఇంట్లోనే తినేసి వెళ్లండి. అక్కడ మీకు సాయం చేసేవాళ్లకు ఇవ్వడానికి నర్సాపురం లేసు ముక్కలు నాలుగు పెట్టుకోండి, బరువుండదు.

ఒక పని మాత్రం ఇక్కడే చేసుకోండి. యూనివర్సిటీ లాగిన్ వివరాలు రాగానే పోర్టల్ తెరిచి చూడండి, యూనివర్సిటీలన్నీ కలిసి వాడుకునే ఎడ్యురోమ్ వైఫై ఫోన్‌లో పెట్టుకోండి. అక్కడ దిగాక సిమ్ పనిచేయని మొదటి రెండు రోజులూ క్యాంపస్‌లో నాకు అదే దిక్కైంది.

3. దిగిన మొదటి వారం

ఇక్కడ వరస ముఖ్యం. ఒక పని అయితేనే ఇంకోటి కదులుతుంది. ఆరోగ్య బీమా రుజువు లేకుండా యూనివర్సిటీలో పేరు ఎక్కించరు. మన దగ్గర కొనుక్కెళ్లే ట్రావెల్ బీమా దీనికి చాలదు. పేరు ఎక్కాకే విద్యార్థి కార్డు, దాంతోనే లైబ్రరీ, క్యాంటీన్, కోర్సుల నమోదు. ఇంట్లో చేరిన రెండు వారాల్లోపు ఊరి కార్యాలయంలో చిరునామా నమోదు చేయించాలి. దానికి ఇంటి యజమాని సంతకం చేసిన కాగితం కావాలి. ఆ అపాయింట్‌మెంట్లు త్వరగా దొరకవు. చిరునామా ఖాయం కాగానే, వీలైతే ఇంటి నుంచే, ఆన్‌లైన్‌లో బుక్ చేయండి. మా పక్క గది అమ్మాయి క్లాసులు మొదలయ్యాక ఈ పనికి బయల్దేరింది. అదే పూట ఉన్న మొదటి లాబ్ పోయింది.

క్లాసులకు ముందు ఉండే ఓరియెంటేషన్ వారం ఆటపాటలని మానేయకండి. పోర్టల్‌లో కోర్సు ఎలా వేసుకోవాలో స్క్రీన్ మీద చూపించేది అప్పుడే. పాత విద్యార్థినొకర్ని మీకు తోడుగా ఇచ్చే పద్ధతి చాలా చోట్ల ఉంటుంది, పేరు ఇచ్చి పెట్టుకోండి. ఆదివారం దుకాణాలు మూసేస్తారని నాకు ఎవరూ చెప్పలేదు. దిగింది శనివారం రాత్రి. ఆదివారమంతా అమ్మ కట్టిచ్చిన కాజాలతో గడిచింది.

4. టైంటేబుల్ కట్టుకోవడం

ముందు మాటలు తెలియాలి. ఫోర్లేజుంగ్ అంటే పెద్ద హాల్లో ప్రొఫెసర్ చెప్పే పాఠం. యూబుంగ్ అంటే అదే సబ్జెక్టుకు చిన్న గుంపుల్లో లెక్కలు చేయించే క్లాసు. ప్రాక్టికుమ్ లాబ్. సెమినార్‌లో మీరే ఒక అంశం తీసుకుని మాట్లాడాలి. ఒకే కోర్సుకు పాఠం, యూబుంగ్ రెండూ ఉంటే రెండింటికీ విడివిడిగా పేరు ఇవ్వాల్సి రావచ్చు. యూబుంగ్ గుంపుల్లో సీట్లు తక్కువ. ఫలానా రోజు ఫలానా గంటకు తెరుచుకుంటాయి, పండగ సీజన్‌లో గోదావరి ఎక్స్‌ప్రెస్ టికెట్లలా అయిపోతాయి. ఆ గంటకు లాగిన్ అయి కూర్చోండి. దొరక్కపోతే ఊరుకోవద్దు, మొదటి క్లాసుకు వెళ్లి నేను ఎక్స్ఛేంజ్ విద్యార్థినని చెప్పి అడగండి. చాలాసార్లు చేర్చుకుంటారు.

కాగితం మీద వారం గళ్లు గీసి, కావలసిన నాలుగు కోర్సులతో పాటు ఇంకో రెండు కూడా నింపండి. మొదటి రెండు వారాలు ఆరింటికీ వెళ్లండి. ఏది అర్థమవుతోంది, ఏ క్లాసు నిజంగా ఇంగ్లీషులో జరుగుతోంది, ఒక భవనం నుంచి ఇంకో భవనానికి ట్రామ్‌లో ఎంతసేపు పడుతోంది చూసుకుని రెండు వదిలేయండి. జాబితాలో ఇంగ్లీషు అని రాసి ఉన్నా ఈ సెమిస్టర్‌కు కూడా అంతేనా అని మెయిల్ పెట్టి అడగడం మేలు.

మార్చిన ప్రతి కోర్సుకూ లెర్నింగ్ అగ్రిమెంట్ కూడా మార్చాలి. జూనియర్లు ఎక్కువగా జారేది ఇక్కడే. అక్కడ కోర్సు మార్చుకుంటారు, ఇక్కడ సార్‌కి చెప్పరు. మన ఎగ్జామినేషన్ సెక్షన్‌కి ఫోన్ చేయాలంటే టైము చూసుకోండి. తేడా వేసవిలో మూడున్నర గంటలు, అక్టోబర్ ఆఖరి ఆదివారం గడియారాలు వెనక్కి తిప్పాక నాలుగున్నర. ఇక్కడ ఉదయం పది అంటే చలికాలంలో అక్కడ తెల్లవారుజామున అయిదున్నర. దుప్పట్లోంచి చెయ్యి బయటికి తీసి ఫోన్ చేసిన రోజులున్నాయి.

5. మొదటి క్లాసు

నా మొదటి పాఠం పది గంటలకు. పది నిమిషాల ముందే వెళ్లాను, గదిలో ఎవరూ లేరు. పదైంది, అయినా ఇద్దరే. గది తప్పనుకుని కింది అంతస్తుకు పరిగెత్తి, బోర్డులు చూసి, ఇంకో భవనానికి వెళ్లి, ఆయాసంతో తిరిగొచ్చేసరికి పదీ ఇరవై. హాలు నిండి ఉంది, ప్రొఫెసర్ అయిదో స్లైడ్‌లో ఉన్నారు. టైం పక్కన సి.టి. అని రెండు అక్షరాలుంటే క్లాసు పావుగంట తర్వాత మొదలవుతుందని అర్థం. ఎస్.టి. అని ఉంటే సరిగ్గా ఆ గంటకే. పాఠం తొంభై నిమిషాలు, హాజరు పట్టీ తీయలేదు. అయిపోగానే అందరూ వేళ్ల కణుపులతో బల్లలు టకటకా కొట్టారు. మన దగ్గర బెంచీలు కొడితే సార్ బయటికి పంపిస్తారు కదా, నేను బిక్కచచ్చిపోయాను. అది వాళ్ల చప్పట్లట.

హాజరు లేదని సంతోషపడకండి. మన 75 శాతం నిబంధన బలవంతంగానైనా కూర్చోబెడుతుంది. అక్కడ పెద్ద పాఠాలకు రాకపోయినా అడగరు. సెమినార్‌కు, లాబ్‌కు మాత్రం హాజరు తప్పనిసరిగా ఉండొచ్చు, మొదటి క్లాసులోనే కనుక్కోండి. 5 క్రెడిట్ల కోర్సు అంటే 125 నుంచి 150 గంటల పని. క్లాసులో కూర్చునేది అందులో సగం కూడా ఉండదు. మిగతాదంతా మీరు గదిలో చేయాల్సిందే.

ఇక అసలు ఇబ్బంది మన నోట్లో ఉంది. గోదావరి వాళ్లం ఎవరేం చెప్పినా "ఆయ్" అంటాం. అర్థమైనా ఆయ్, కాకపోయినా ఆయ్. అది మర్యాద. యూబుంగ్‌లో చెప్పే కుర్రాడు బోర్డు మీద ఒక లెక్క చేసి, అర్థమైందా అని నా వైపు చూస్తే తల ఊపాను. అతను నిజమే అనుకుని తర్వాతి మెట్టు నన్నే చేయమని సుద్దముక్క చేతికిచ్చాడు. బోర్డు దగ్గర నిలబడ్డ ఆ రెండు నిమిషాలూ కోటిపల్లి రేవులో నడుం లోతు నీళ్లలో ఉన్నట్టుంది. చివరికి "మూడో వరస నుంచి నాకు అర్థం కాలేదు" అన్నాను. వెనక నుంచి ఇద్దరు, మాకూ కాలేదన్నారు. అతను మళ్లీ మొదటి నుంచి చేశాడు. అప్పటి నుంచి తల ఊపే ముందు, ఏ వరస అర్థం కాలేదో నోట్సులో గుర్తు పెట్టుకుని ఆ వరస చూపించి అడగడం అలవాటు చేసుకున్నాను. మొత్తం అర్థం కాలేదంటే వాళ్లకూ ఏం చెప్పాలో తెలియదు.

6. ప్రొఫెసర్‌కి మెయిల్

నా మొదటి మెయిల్ "రెస్పెక్టెడ్ సర్"తో మొదలై అర పేజీ వినయంతో నిండింది. ఆ ప్రొఫెసర్ ఆడమనిషని పంపాక తెలిసింది. ప్రొఫెసర్ అని రాసి ఇంటిపేరు పెట్టండి, చాలు. తర్వాత మూడు ముక్కలు: నేను ఫలానా ఎక్స్ఛేంజ్ విద్యార్థిని, మీ ఫలానా కోర్సులో ఉన్నాను, నా ప్రశ్న ఇది. యూనివర్సిటీ మెయిల్ నుంచే పంపండి. వాళ్లు విద్యార్థులను కలిసే సమయం వెబ్‌సైట్‌లో ఉంటుంది. ఆ గంటలో వెళ్లి కూర్చుంటే విసుక్కోరు, ఆ సమయం పెట్టుకున్నదే మనకోసం.

7. రికార్డులు

మన దగ్గర లాబ్ రికార్డు సీనియర్ది చూసి రాయడం తప్పని ఎవరూ అనుకోరు, నేనూ రాశాను. అక్కడ ఇంకొకరి రిపోర్టులో నాలుగు వాక్యాలు మూలం చెప్పకుండా ఎత్తి రాస్తే మోసం కిందే లెక్క, ఆ పని మొత్తం ఫెయిల్ చేయొచ్చు. ఏఐ పనిముట్లు వాడొచ్చా అన్నది కోర్సును బట్టి మారుతుంది. అడిగి, జవాబు మెయిల్‌లో ఉంచుకోండి.

8. పరీక్షకు నమోదు

నా కథ ఇక్కడిదే. కోర్సులో చేరడం ఒకటి, దాని పరీక్షకు నమోదు చేసుకోవడం ఇంకోటి. మొదటిది కోర్సు పేజీలో, రెండోది పరీక్షల విభాగం పోర్టల్‌లో. రెండూ వేర్వేరు వెబ్‌సైట్లు కూడా కావచ్చు. మా దగ్గర గడువు డిసెంబర్‌లో రెండు వారాలు. నోటీసు జర్మన్‌లో వచ్చింది, అది మెయిల్‌లో ఉంది, నేను దాన్ని క్రిస్మస్ శుభాకాంక్షలనుకున్నాను. తప్పు నాదే. కానీ పద్నాలుగు వారాల చదువు ఒక క్లిక్కు లేక పోతే ఎంత కడుపు మండుతుందో అనుభవిస్తే గానీ తెలియదు. ఆ 5 క్రెడిట్ల సబ్జెక్టు ఇక్కడికొచ్చి మళ్లీ చదివి రాశాను.

కాబట్టి రెండో వారంలోనే ప్రతి కోర్సుకూ నాలుగు ప్రశ్నలు అడిగి గోడకు అంటించుకోండి. పరీక్ష రాతదా, నోటితోనా, రిపోర్టా? నమోదు ఎక్కడ, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు? పరీక్ష రాసే ముందు యూబుంగ్‌లో ఇన్ని మార్కులు రావాలన్న షరతు ఉందా? మానుకోవాలంటే ఎప్పటిలోపు పేరు తీసేయాలి? ఈ నాలుగోదీ ముఖ్యమే, చాలా చోట్ల నమోదు చేసుకుని రాకపోతే ఫెయిల్ వేస్తారు. నమోదు అయ్యాక వచ్చే పేజీని పీడీఎఫ్‌గా దాచుకోండి. పరీక్ష రోజు అది ప్రింట్ తీసి జేబులో పెట్టుకుని వెళ్లే అలవాటు నాకు ఇప్పటికీ పోలేదు.

9. మార్కులు ఇంటికి తెచ్చుకోవడం

తిరిగి రాకముందు అంతర్జాతీయ విభాగానికి వెళ్లి ట్రాన్స్‌క్రిప్ట్, అంటే మార్కుల పట్టిక, ఎప్పుడు వస్తుందో, ఎవరికి పంపుతారో అడగండి. మార్కులన్నీ ఎక్కడానికి నెలలు పట్టొచ్చు. అప్పటికి మీ యూనివర్సిటీ మెయిల్ మూసేస్తారేమో, ఇంటి మెయిల్ ఇచ్చి రండి. వచ్చాక మారిన అగ్రిమెంట్, ట్రాన్స్‌క్రిప్ట్, ఒక్కో కోర్సు సిలబస్, నాలుగో యూనిట్ గురించి సార్ రాసిన లైను లాంటివన్నీ ఒకే ఫైల్‌లో పెట్టి సెక్షన్‌లో ఇచ్చి, తీసుకున్నట్టు మీ కాపీ మీద సంతకం వేయించుకోండి.

ఆ ఫైల్‌లో అక్కడి మార్కుల పద్ధతి వివరించే పేజీ కూడా తప్పక ఉండాలి. జర్మనీలో 1.0 అన్నిటికంటే గొప్ప, 4.0 వస్తే పాస్, 5.0 ఫెయిల్. నా ట్రాన్స్‌క్రిప్ట్ మొదట చూసింది మా నాన్న. వరండాలో కళ్లకు దగ్గరగా పెట్టుకుని, 1.3, 1.7, 2.0 అని పైకి చదివి, కాగితం మడిచి, కాసేపు కాలవ వైపు చూసి, "పోనీలేమ్మా, దేశం చూసొచ్చావు" అన్నారు. సెక్షన్‌లో క్లర్కు గారూ అదే ముఖం పెట్టారు. ఆయనకు మాత్రం ఆ పేజీ తీసి చూపించాను.